కుక్కర్ కారుకు మొదటి మొక్కు

కారు రోడ్డెక్కిన వారానికే దేశమంతా దానికి పేరు పెట్టేసింది: మూత తెరిచిన కుక్కర్. దీపాలు సన్నటి గీతల్లా పైకెక్కి, కింద నోరు బార్లా తెరుచుకుని ఉంటుంది కాబట్టి ఆ పేరు అతికినట్టు సరిపోయింది. సిగ్నల్ దగ్గర పక్క కారువాళ్లు అద్దం దించి అన్నం ఉడికిందా అని అడిగేవాళ్లు. సియోల్‌లో ఒక టాక్సీ డ్రైవరు, ఎక్కిన ప్రతివాళ్లూ నవ్వుతున్నారని, బండి ఆపినప్పుడల్లా ముందు భాగానికి గుడ్డ కప్పేవాడట. అలాగని అందరూ తిట్టారా అంటే అదీ లేదు. కొందరు కుర్రవాళ్లకు అది పిచ్చిగా నచ్చింది. ఆదివారాలు హాన్ నది ఒడ్డున ఆ కార్లన్నీ వరసగా నిలబెట్టి, వెక్కిరించడానికి వచ్చినవాళ్లతో తగువుకు దిగేవారు. ఒక ఇంట్లో అన్నదమ్ములు దాని మూలంగా పండుగ భోజనం దగ్గర మాటా మాటా అనుకుని లేచిపోయారని పేపర్లో కూడా పడింది. ఒక ఇనుపరేకు మీద జనానికి ఇంత ప్రేమా ఇంత పగా ఎక్కడినుంచి పుట్టుకొస్తాయో చెప్పే నాథుడు లేడు.

ఆ ముఖం గీసింది నమ్‌గుంగ్ సొల్. చోంగ్జు దగ్గర ఒక కార్ల కంపెనీలో డిజైనరు. తిట్లన్నీ ఆమె కూర్చుని చదివింది. భోజనాల హాల్లో తను అడుగు పెట్టగానే నవ్వులు ఆగిపోవడం కూడా భరించింది. వెనక ప్యో మాస్టారు ఉన్నారన్న ధైర్యం ఆమెది. కాలేజీలో పెన్సిలు పట్టడం నేర్పింది ఆయనే, ఈ కంపెనీకి తెచ్చింది ఆయనే, ఇప్పుడు డిజైను విభాగానికి పెద్ద కూడా ఆయనే. బంకమట్టి నమూనా చూసి భయపడ్డవాళ్లు నోరు కాస్త చిన్నది చెయ్యమంటే, ఒక్క గీత తగ్గించవద్దని అడ్డుపడ్డవారు ఆయన.

కొత్త కారు మొదటిది తయారై బయటికి వచ్చిన రోజున కంపెనీలో మొక్కు తీరుస్తారు. కారు ముందు బల్ల వేసి ఉడికించిన పంది తల, పళ్లు, బియ్యపు కల్లు పెడతారు. విభాగం పెద్ద మోకరిల్లి మొదట మొక్కి, చక్రాల మీద కల్లు పోసిన తర్వాతే మిగతావాళ్ల వంతు. మొదట మొక్కినవాళ్లదే ఆ కారు, దాని మంచీ చెడూ వాళ్లవే. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు గానీ గేటు దగ్గర కాపలావాడి నుంచి ఛైర్మన్ దాకా అందరికీ తెలుసు. ఇన్నేళ్లూ మాస్టారే మొక్కారు. ఈసారి, ఈ కారు ఇంకా రోడ్డెక్కకముందు, ఆయన సొల్ భుజం మీద చెయ్యి వేసి ముందుకు నడిపించారు.

"నీ బిడ్డమ్మా ఇది. నువ్వే మొక్కాలి."

సొల్‌కి ఏడుపు ఆగలేదు. నుదురు నేలకు ఆనించి మొక్కి లేచేసరికి హాలంతా చప్పట్లు. తేజోన్‌లో నూడుల్స్ హోటలు నడిపే వాళ్లమ్మ ఆ ఫొటో గోడకు తగిలించి, తినడానికి వచ్చినవాళ్లను తిననివ్వకుండా చూపించింది.

తర్వాత అమ్మకాలు పడిపోయాయి. పైవాళ్లు మీటింగు పెట్టారు, సొల్‌ను పిలవలేదు. ముఖం మార్చే పని వేరే జట్టుకు ఇచ్చి, ఆమెను విడిభాగాల గోదాముకు బదిలీ చేశారు. ఆ పిల్లే పట్టుబట్టింది, మొక్కింది కూడా తనే కదా అని మాస్టారు అన్నారని ఎవరో చెవిన వేశారు. సొల్ నమ్మలేదు. గిట్టనివాళ్లు పుట్టించిన మాట అనుకుంది. గోదాములో అట్టపెట్టెల మీది బొమ్మలు సరిచేస్తూ, మాస్టారు కబురు పెడతారని ఎదురుచూసింది.

కబురు రాలేదు గానీ, ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర తక్ యొన్‌జు ఎదురుగా వచ్చి కూర్చుంది. జనం అభిప్రాయాలు సేకరించే విభాగంలో పని చేస్తుంది, మంచి మనిషి.

"నీది మామూలు గుండె కాదు సొల్. అంతమంది ఛీ అన్నారని తెలిసి కూడా ఎలా మొక్కావే?"

"ఎవరన్నారక్కా?"

యొన్‌జు చెంచా కింద పెట్టింది. కారు బయటికి రాకముందే జనాన్ని పిలిచి చూపించామనీ, సగానికి సగం మంది మొహం తిప్పుకున్నారనీ, మొక్కుకు ముందే ఆ సంగతి మాస్టారికి తనే స్వయంగా చెప్పి వచ్చాననీ అంది. సొల్‌తో నేను చెబుతాలే అన్నాడట ఆయన.

సొల్ తినే తిండి వదిలేసి లేచింది. భుజం మీద పడ్డ ఆ చెయ్యి గుర్తొచ్చి ఒళ్లంతా మండింది. దీవిస్తున్నాడనుకుని ఏడ్చింది ఆ రోజు. దేశమంతా నవ్వినప్పుడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు ఆమెకు.

డిజైను హాలు మధ్యలోంచి, పాత జట్టువాళ్లందరూ చూస్తుండగా, నేరుగా మాస్టారి గదిలోకి వెళ్లింది.

"నన్ను మొక్కమన్నప్పుడు మీకు తెలుసా మాస్టారూ?"

ఆయన బుకాయించలేదు. రిటైర్మెంటు దగ్గరపడిందన్నాడు. చివర్లో మచ్చ పడితే తట్టుకోలేనన్నాడు. నువ్వు చిన్నదానివి, తేరుకుంటావు, కాస్త సద్దుమణిగాక మళ్లీ పిలిపిస్తానన్నాడు. ఎవరి పెళ్లికో వెళ్లలేకపోయినందుకు సంజాయిషీ చెబుతున్నట్టుంది ఆ గొంతు. సొల్‌కి అవేవీ అక్కర్లేదు. ఒక్క సంగతి తెలిస్తే చాలు.

"ఆ ముఖం అసలు మీకు నచ్చిందా, లేదా?"

"నచ్చింది సొల్. ఇప్పటికీ నచ్చుతుంది. నేను జన్మలో గీయలేనిది నువ్వు గీశావు."

ఇప్పుడు నచ్చడం లేదని అన్నా బాగుండేది. ఇద్దరమూ కలిసే పొరపాటు పడ్డామనుకుని ఎలాగో సర్దుకునేది. రోడ్డు మీద వెక్కిరించినవాళ్లు నయం, తమకు అనిపించిందే పైకి అన్నారు.

"అయితే ఇదే మాట బయటికొచ్చి అనండి మాస్టారూ. పైవాళ్ల దగ్గర వద్దు. ఈ హాల్లో మనవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల ముందు ఒక్కసారి అనండి. చాలు."

బయట నలుగురైదుగురు పని ఆపి ఇటే చూస్తున్నారు. మాస్టారు కుర్చీలోంచి లేచాడు. ఇంత జరిగాక కూడా సొల్‌కి ప్రాణం లేచి వచ్చింది, ఆయనకు దారి ఇస్తూ పక్కకు జరిగింది. ఆయన ఆమెను దాటుకుని గుమ్మం దాకా నడిచి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.