క్లారినెట్లు లేని పాట

ఎన్నో ఏళ్ల నాటి ఆ జాజ్ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేస్తున్నామని రికార్డుల కంపెనీవాళ్లు కబురు పెట్టినప్పటి నుంచి పిట్ట కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. ఆ ఆల్బమ్‌లో పాటలన్నీ పాడింది ఆమే. డెబ్బయ్యో పడిలో పడినా, బావ సరదాగా పెట్టిన ‘పిట్ట’ అన్న పేరు ఆమెను వదల్లేదు. కూర్చుంటుంది, లేస్తుంది, కిటికీ తెరుస్తుంది, చలేస్తోందని మూసేస్తుంది.

అరేంజ్‌మెంట్లు రాసింది ఆ బావే, అక్క భర్త. ఏ వాద్యం ఎక్కడ పలకాలో, ఎక్కడ నోరు మూసుకోవాలో అన్నీ ఆయన నిర్ణయించినవే. పేచీ అక్కడే వచ్చింది. “నా గొంతు మీద దుప్పటి కప్పేశావు బావా. ఆ క్లారినెట్లు లేకపోతే నేనేంటో జనానికి తెలిసేది,” అని పిట్ట అప్పట్లో ముఖానే అనేసింది. ఆయన తను రాసిన కాగితాలు సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఇద్దరూ కలిసి ఒక్క పాటా చేయలేదు. పెళ్లిళ్లకీ చావులకీ ఎదురుపడి, బాగున్నావా అంటే బాగున్నానని నెట్టుకొచ్చారు.

ఇప్పుడు స్టూడియోకు రమ్మన్న సౌండ్ ఇంజనీరు ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి సంబరంగా చెప్పాడు. “పాత టేపుల్లో అన్నీ విడివిడిగా ఉన్నాయమ్మా. మిగతా వాద్యాలు తీసేసి మీ గొంతూ పియానో మాత్రమే ఉంచాను. కంపెనీ దీన్నే తెద్దామంటోంది. మీరు ఊ అంటే చాలు.”

తను కోరుకున్నదే. మొదటి రెండు పాటలూ వింటూ పిట్ట మురిసిపోయింది. మూడోది నిదానంగా సాగే పాట. మొదటి పాదం చివర గొంతు సన్నగా జారిపోయింది. ఊపిరి అయిపోయింది. పియానో పట్టించుకోకుండా ముందుకెళ్లిపోయింది. తర్వాతి పాదం చివరా అంతే.

“ఇక్కడ ముందు ఏముండేదో అది వెయ్యండి,” అంది.

ఇంజనీరు మీట పైకి జరిపాడు. ఆమె స్వరం వదిలేసిన చోటే క్లారినెట్లు మెల్లగా వచ్చి అందుకున్నాయి. గొంతు ఎక్కడ ఆగిందో, వాద్యం ఎక్కడ మొదలైందో పాడిన మనిషికే తెలియలేదు. పిట్ట ఊ అనలేదు. సంచీ భుజాన వేసుకుని తిన్నగా అక్క ఇంటికి వెళ్లింది.

“ఫోనైనా చెయ్యకుండా వచ్చావంటే ఎవరైనా పోయుండాలి, లేదా నీకు కోపమైనా వచ్చుండాలి,” అంది అక్క తలుపు తీస్తూ.

బావ బాల్కనీలో మొక్కల ఎండుటాకులు కత్తిరిస్తున్నాడు. పిట్ట ఎదురుగా నిలబడి గట్టిగా అంది: “నాకు ఊపిరందని చోటల్లా క్లారినెట్లు పెట్టావు.”

“పెట్టాను. అప్పుడు నీకు దగ్గు కదా. రిహార్సల్లోనే విన్నాను.”

“చెప్పొచ్చుగా.”

“చెబితే మైకు ముందు నిలబడేదానివా? భయంతో ఉన్న ఊపిరీ పోగొట్టుకునేదానివి.”

“మరి తర్వాతైనా? ఇన్నేళ్లూ తిట్టించుకుంటూ కూర్చున్నావా?”

“మొదట్లో రోషంతో ఊరుకున్నాను. తర్వాత అలవాటైపోయింది.”

“నేను ఒకటంటే పది అంటారు. మరదలు ఎన్నన్నా పడుంటారు,” అని అక్క లోపల్నుంచి అందించింది.

పిట్టకు నవ్వు రాలేదు. కుర్చీ లాక్కుంది కానీ కూర్చోలేదు. “నా గొంతూ పియానో మాత్రమే ఉంచి కొత్త కాపీ ఒకటి చేశారు, అది చెరిపేయమంటాను. పాతదే రావాలి.”

“పాతదే రానివ్వు. కానీ అది చెరపకు. నా కోసం ఉంచు,” అన్నాడాయన. “చెవులు పాడయ్యాయి పిట్టా. అన్నీ కలిసి మోగితే నాకు ఉత్త గోల. నీ గొంతూ పియానో అయితే పట్టుకోగలనేమో.”

పిట్ట ఎవరికీ వినిపించకూడదనుకున్నదేదో, అది తప్ప ఆయన ఇంకేదీ వినలేడు.

ఆ వారమంతా తనతో తను పోట్లాడుకుంది. చివరికి కంపెనీ గొణుగుతున్నా వినకుండా అరేంజ్‌మెంట్లతోనే ఆల్బమ్ విడుదల చేయించి, ఆ కొత్త కాపీని ఇంజనీరు దగ్గర అడిగి తెచ్చుకుంది. బావ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, ముఖం చూడలేక గది ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూ ఉండిపోయింది.

నిదానం పాట అయిపోయాక ఆయన హెడ్‌ఫోన్లు తీశాడు.

“రెండో చరణంలో నీకు ఊపిరి సరిపోయింది,” అన్నాడు ముఖం చిట్లించి. “అక్కడ క్లారినెట్లు అనవసరంగా పెట్టాను.”

“నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదా.”

“నువ్వు అన్నిచోట్లా అన్నావు. నేను ఒక్క చోటు ఒప్పుకుంటున్నాను.”

“ఒక్కటి కాదు, ఆఖరి పాదం కూడా.”

“ఆఖరిదా? అక్కడ నువ్వు మునిగిపోయావు.”

“మళ్లీ విను,” అంటూ పిట్ట ఆయన పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. పాట మొదలయ్యేలోపే మళ్లీ లేచింది.