బటన్ మీద వేలు

నేను స్టూలెక్కి వంటింటి కిటికీకి కర్టెన్ కడుతుంటే మా ఆయన రస్ ఫోన్ మోగింది. కడ్డీ రెండో కొస తను పట్టుకుని నిలబడ్డాడు. పట్టుకునే కునికిపాట్లు పడుతున్నాడు. రస్ కోచ్‌లలో ఒకడుగా ఉన్న అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ముందురోజు మళ్లీ ఓడిపోయింది. ఈ సీజన్‌లో ఓడిపోవడం మాకు వాన పడటంలాంటిదైపోయింది. ఎవరూ ఆశ్చర్యపోరు, అందరూ తడుస్తారు.

ఫోన్ మీద పేరు చూసి రస్ మొహం పాలిపోయింది. పెద్ద కోచ్ హాలోరన్. ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి ఫోన్ చేశాడంటే సామాను సర్దుకోమనే.

"సరే కోచ్. అలాగే. సరే," అని, ఫోన్ జేబులో పెట్టుకుని, మళ్లీ కడ్డీ పట్టుకున్నాడు.

"ఏమైంది? తీసేశారా?"

"నన్ను కాదు, ఎత్తులు వేసే ఆయన్ని తీసేశారు. ఈ ఆదివారం నుంచి ఎత్తులు నన్ను చెప్పమన్నారు."

నేను స్టూల్ మీంచి అతని మీదకే దూకాను. కడ్డీ, కర్టెన్‌తో సహా ఇద్దరం నేలమీద పడ్డాం. కర్టెన్ కిందనుంచి రస్ నవ్వు వినిపించింది. పెళ్లయ్యాక ఆ నవ్వు వినడం అదే మొదటిసారి అనుకుంటాను. మా పెళ్లి అక్టోబరులో, జట్టుకు ఆట లేని ఆ ఒక్క వారంలో జరిగింది. కోచ్‌లు పెళ్లిళ్లయినా, పన్ను పీకించుకోవడమైనా ఆ వారంలోనే కానివ్వాలి.

రస్ ఓడెగార్డ్ ఒకప్పుడు క్వార్టర్‌బ్యాక్, అంటే ఎత్తు ప్రకారం బంతి విసిరేవాడు. అయితే బంతి విసిరిన రోజులకన్నా టోపీ పెట్టుకుని మైదానం గట్టున నిలబడ్డ రోజులే ఎక్కువ. అసలు ఆటగాడి చీలమండ బెణికితే ఒకే ఒక్కసారి మొదటినుంచీ ఆడాడు. చివరి నిమిషంలో ఎడమవైపు మనిషి ఖాళీగా ఉంటే, కుడివైపు విసిరి అవతలివాళ్ల చేతుల్లో పెట్టాడు. ఆ తర్వాత కోచ్ అయ్యాడు. ఊరు మారినప్పుడల్లా కొత్త టోపీ, కొత్త చలికోటు. ఆ విసురు మాత్రం ఏ ఊరెళ్లినా వెంటే వచ్చింది.

సాయంత్రం డోరీన్ చెర్రీపళ్లు పెట్టి కాల్చిన పై పట్టుకుని వచ్చింది. వాళ్లాయన మా జట్టులోనే లైన్ కోచ్, ముందువరస ఆటగాళ్లకి. ఎన్ని ఊళ్లు మారిందో ఆమెకే గుర్తులేదు. వస్తూనే కిటికీ చూసింది.

"పిచ్చిపిల్లా! జనవరి దాటకుండా కర్టెన్ కట్టావా? కోచ్ పెళ్లాం చేసే పనేనా ఇది?"

"బాగుంది కదా డోరీన్? చూడు, నిమ్మపళ్ల బొమ్మలు."

"బాగుంది, బాగుంది. మిగిలిన ఆటలు కూడా పోతే జనవరి మొదటి సోమవారం మనందర్నీ గుంపుగా తరిమేస్తారు. అప్పుడు నీ నిమ్మపళ్లు ఏ పెట్టెలో పెడతావో చూస్తా. అందుకే నేను దుప్పటి వేలాడదీసి ఊరుకుంటాను." చెర్రీ పై కోసి నా పళ్లెంలో పెద్ద ముక్క వేసింది. "మీ ఆయన గెలిపిస్తే మాత్రం నేనూ కొంటాలే."

ఆ వారమంతా రస్ ఇంటికి వచ్చింది బట్టలు మార్చుకోవడానికే. స్టేడియంలోనే సోఫా మీద నిద్ర. నేను మధ్యాహ్నాలు సూప్ పట్టుకెళ్లేదాన్ని. గేటు దగ్గర, పక్కనున్న సరస్సు మీంచి వచ్చే గాలిలో నిలబడి తాగేవాడు. కళ్లకింద నల్లగా, గడ్డంలో తెల్లగా. "నువ్వు వస్తే సూప్‌కన్నా ముందు నీ ఎర్ర టోపీ కనిపిస్తుంది," అన్నాడు ఒకరోజు. అది తలుచుకుంటూ, మంచులో కారు జారుతున్నా నవ్వుకుంటూ ఇంటికొచ్చాను.

శనివారం పొద్దున ఆటగాళ్లు పరుగెత్తరు. ఎత్తులన్నీ నడుస్తూ ఓసారి వేసి చూసుకుంటారు. ఆ పూట ఇళ్లవాళ్లు కూడా రావచ్చు. గట్టుమీద డోనట్ల పెట్టెలు, పిల్లల అల్లరి. రస్ నాకు ఓ హెడ్‌సెట్ ఇచ్చి, "మాట్లాడకు, ఊరికే విను," అన్నాడు. పెళ్లికానుక ఇచ్చినట్టే మురిసిపోయాను.

క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న స్పీకర్ ఉంటుంది. కోచ్ తన బెల్టుకున్న బటన్ నొక్కి ఎత్తు చెబుతాడు. బంతి కదపడానికి మిగిలిన సెకన్లు లెక్కపెట్టే గడియారం పదిహేనుకు దిగగానే ఆ గొంతు దానంతటదే ఆగిపోతుంది. అక్కణ్ణుంచి బంతి పట్టుకున్నవాడు ఒంటరివాడు.

రస్ మా క్వార్టర్‌బ్యాక్ మార్కెల్‌కి ఎత్తు చెప్పాడు. ఆపలేదు. "అవతలివాళ్లలో వెనక నిలబడ్డవాడు మోసం చేస్తాడు, నమ్మకు. పాదం చూసుకో. ముందు ఎడమ చూడు, మార్కెల్. ఎడమ..." గడియారం దిగింది. మార్కెల్‌కి గొంతు ఆగింది. నా హెడ్‌సెట్‌లో మాత్రం ఆగలేదు. వేలు బటన్ మీదే బిగించి రస్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. "ఎడమ... ఎడమ చూడరా నాయనా... ఖాళీగా ఉన్నాడు..."

అటు చూస్తే మార్కెల్ టిబ్స్ భుజాలు చెవులదాకా వచ్చేశాయి. నడిచే ఆటలో కూడా బంతి ఎవరికివ్వాలో తోచక అలాగే నిలబడిపోయాడు.

విరామంలో మార్కెల్ డోనట్ కోసం వచ్చాడు. "మేడమ్, ఇంట్లో కూడా ఇంతేనా ఆయన?"

"ఇంట్లో మాటెక్కడిది? నిద్రపోతాడు."

"అదృష్టవంతులు." నవ్వాడు గానీ ఆ నవ్వు నిలవలేదు. "మంచాయన మేడమ్. చెప్పేవన్నీ నిజాలే. కానీ ఆ గొంతు ఆగాక నా బుర్రలో నాకే చోటు మిగలట్లేదు. రేపు కూడా ఇలాగే అయితే..." చేతిలోని డోనట్ కొరకకుండానే పెట్టెలో పెట్టేశాడు. "నేనన్నానని మాత్రం ఆయనకి చెప్పకండి."

మా ఊళ్లోనే ఆట అయినా, ముందురోజు రాత్రి జట్టంతా హోటల్లోనే పడుకోవాలి. వెళ్లేముందు రస్ భోజనానికి వచ్చాడు. బంగాళదుంపలు, మాంసం ఉడికించి పెట్టాను. వారమంతా పడ్డ కష్టం అతని ఫోర్క్ పట్టులో కనిపిస్తోంది. ఈ మాట ఇప్పుడు చెప్పాలా అని మనసు పీకింది. చెప్పకపోతే రేపటి ఆట పోతుంది.

"రస్, ఇవాళ గడియారం దిగాక కూడా మాట్లాడుతున్నావు."

"నేనా?"

"నువ్వే. విన్నాను కదా. బంతి కదిలేదాకా."

"ఏమన్నాను?"

"ఎడమ చూడమన్నావు."

నమలడం ఆపేశాడు. ఫోర్క్ పళ్లెంలో పెట్టాడు. "అక్కడ ఎడమవైపు మనిషే లేడు మార్నీ. ఆ ఎత్తులో అందరూ కుడివైపే వెళతారు," అన్నాడు మెల్లగా.

లేచి అతని వీపు మీద చెయ్యి వేశాను. కోటు లోపల ఆ వీపు రాయిలా ఉంది.

"ఒక ఎత్తు చెప్పు నాకు," అన్నాను. "నేను మార్కెల్‌ని. చెప్పి ఊరుకో."

ఉప్పుసీసానే బటన్ అనుకుని దానిమీద వేలు పెట్టి, ఓ ఎత్తు పేరు బారెడు చెప్పాడు. నేను బంగాళదుంప పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాను.

"పాదం..." అన్నాడు.

"రస్!"

"అలవాటు."

మళ్లీ చెప్పాడు. మళ్లీ నోరు తెరిచాడు. మూడోసారి నేనే రొట్టెముక్క తీసి అతని నోట్లో కుక్కాను. రొట్టె బుగ్గన పెట్టుకుని, నీళ్లు తిరిగే కళ్లతో నవ్వాడు. ఈసారి బంగాళదుంప నా ఇష్టమొచ్చినవైపు విసిరాను. వెళ్లి సింకులో పడింది.

గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు కట్టుకున్నాడు. తర్వాత గోడ పట్టుకుని లేచి, టోపీ సర్దుకున్నాడు.

"రేపు ఎత్తు పేరు చెప్పగానే బటన్ మీంచి వేలు తీసేస్తాను. తర్వాత మార్కెల్‌కి ఏది కనిపిస్తే అదే. ఓడితే ఓడాం," అన్నాడు. "నువ్వు పొద్దున స్టేడియానికి వచ్చేముందు హాల్లో కిటికీకి కూడా కర్టెన్ కట్టేసి రా."