ఇరవై రెండు కిలోమీటర్ల దిగుడు

ఊరు మొత్తం బల్లపరుపు. గోళీ తెచ్చి నేల మీద పెడితే పెట్టిన చోటే కూర్చునేది తప్ప ఎటూ దొర్లేది కాదు. అలాంటి ఊళ్లో ముప్పై ఏళ్లుగా సైకిళ్లు బాగుచేస్తూ బతికినవాడు మెకానిక్. మాట తక్కువ మనిషి. ఎవరైనా సైకిల్ తెచ్చి స్టాండు వేస్తే, చక్రం ఒక తిప్పు తిప్పి చెవి పెట్టి వినేవాడు. జబ్బు ఫలానా అని చెప్పే అలవాటు లేదు. బాగుచేసి చేతికిచ్చేవాడు, అంతే.

ఈ ప్రయాణం ఆలోచన అతనిది కాదు, బావది. బావ అంటే అక్క మొగుడు, దర్జీ. నలభై ఏళ్లుగా కుట్టుమిషను తొక్కుతున్నాడు. "తొక్కీ తొక్కీ ఈపాటికి నా కాళ్లు భూమిని రెండు చుట్లు చుట్టి ఉంటాయిరా. కుర్చీ మాత్రం అంగుళం కదల్లేదు," అని నవ్వేవాడు. ఒకనాడు పొట్లం కట్టి వచ్చిన కాగితంలో కొండల రోడ్డు బొమ్మ చూశాడు. శిఖరం దాటాక ఇరవై రెండు కిలోమీటర్లు ఒకటే దిగుడని దాని కింద రాసి ఉంది. ఆ ముక్క కత్తిరించి మిషను పక్క గోడకి గుండుసూది గుచ్చి పెట్టాడు. నాలుగేళ్లు దాన్నే చూస్తూ తొక్కాడు.

"ఒక్కసారి తొక్కకుండా పోవాలిరా బామ్మర్దీ. కాళ్లు ఊరికే పెట్టుకుని, పెద్దమనిషిలా," అనేవాడు.

మూడోవాడు పోస్టుమాన్. ఇద్దరికీ చిన్ననాటి స్నేహితుడు, కిందటేడే రిటైరయ్యాడు. ఉద్యోగం పోయినా, దారిలో కనబడ్డ ప్రతి గుమ్మం నంబరూ పైకి చదివే జబ్బు పోలేదు.

బయలుదేరే ముందు రోజు అక్క తమ్ముణ్ణి వంటగదిలోకి పిలిచింది. "మీ బావకి ఆశ ఎక్కువ, నిదానం తక్కువ. ఆయన్ని నమ్మి పంపడం లేదు, నిన్ను నమ్మి పంపుతున్నా," అంది. మెకానిక్ తలూపాడు. అతను తలూపితే పదిమంది ఒట్టేసినంత లెక్క.

అప్పటికే నెలరోజులుగా మూడు సైకిళ్లనూ నట్టు నట్టుగా విప్పి మళ్లీ కట్టాడు. బేరింగులు కడిగి కొత్త గ్రీజు కూరాడు. చైన్లు మార్చాడు, టైర్లు మార్చాడు, చక్రాల్లోని ఒక్కో పుల్లనీ వేలితో మీటి సమానంగా బిగించాడు. క్యారియర్ మీద విడి ట్యూబులు, విడి పుల్లలు, ఆఖరికి ఒక విడి పెడల్ కూడా వేసుకున్నాడు. "ఇంకో సైకిల్ కూడా కట్టుకోరా, పనైపోతుంది," అన్నాడు పోస్టుమాన్.

ఆరు రోజులు చదును నేల మీద తొక్కారు. పంక్చర్ ఒక్కటీ పడలేదు. ఏడో రోజు నేల లేవడం మొదలుపెట్టింది. రెండు రోజులు ఎక్కారు. ఎక్కారనడం కన్నా తోశారనడమే నిజం. లారీలన్నీ కింద కొత్తగా తవ్విన సొరంగంలోంచి పోతున్నాయి. పాత రోడ్డు మీద మనిషి అలికిడి లేదు. ఇక్కడ చదవడానికి గుమ్మాలు లేక పోస్టుమాన్ నోరు మూతపడింది.

తొమ్మిదో రోజు పొద్దెక్కేసరికి శిఖరం చేరారు.

ఎక్కుతున్నంతసేపూ కళ్లముందు రోడ్డు, దాని మీద తమ చెమట చుక్కలు, అంతే. చివరి మలుపు తిరగ్గానే ముందర ఏమీ లేదు. ఉన్నదంతా కిందే ఉంది. మబ్బులు కాళ్ల దిగువన మేస్తున్న మందలా కదులుతున్నాయి. వాటి సందుల్లోంచి లోయ కనబడుతోంది, అడుగున వెండి తీగంత సన్నగా ఒక ఏరు. ఎదురు కొండ మీంచి నీళ్లు దూకుతున్నాయి. దూకిన నీళ్లు నేలను చేరడం లేదు, సగం దారిలోనే పొగైపోతున్నాయి. చప్పుడు కూడా ఇంతదూరం రావడం లేదు. ఇంత పెద్దది ఇంత నిశ్శబ్దంగా ఎలా ఉండగలదో మెకానిక్‌కి అర్థం కాలేదు. తెలియకుండానే తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు.

బావ నోరు తెరిచాడు. "బొమ్మలో చిన్నదిగా వేశార్రా," అన్నాడు.

"అచ్చేసినవాడికి కాగితం చాలలేదేమో," అన్నాడు పోస్టుమాన్, మెల్లగా, ఎవరో నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు.

మెకానిక్ తన సైకిల్‌ని పక్కనున్న రాతికి ఆనించబోయాడు. అది చేతిలోంచి జారి తనంతట తాను ముందుకు కదిలింది. ముప్పై ఏళ్లలో ఏ సైకిలూ అతనితో అలా చేయలేదు. పట్టుకుని బ్రేకు నొక్కాడు. చక్రం ఆగలేదు. ఇంకా గట్టిగా, వేలి కణుపులు తెల్లబడేలా నొక్కాడు. బ్రేకు రబ్బరు రిమ్ముని తాకింది కానీ ఆపలేదు. బూటు కాలు నేలకేసి నిలబెట్టాడు.

వంగి రబ్బరుని బొటనవేలి గోటితో నొక్కి చూశాడు. గీత పడలేదు. గులకరాయిలా ఉంది.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. వాళ్ల ఊళ్లో బ్రేకంటే కోడి అడ్డమొస్తే ఒక్క నొక్కు. మిగతా వేళల్లో తొక్కడం మానేస్తే సైకిలే ఆగుతుంది. బ్రేకు రబ్బరు అరిగిందని ఇన్నేళ్లలో ఒక్కరూ అతని దగ్గరికి రాలేదు. అరగనిదాన్ని మార్చాలని అతనికి తోచలేదు. అవి అరగలేదు, ఎండిపోయాయి. మూడు సైకిళ్ల రబ్బర్లూ అంతే పాతవి. తెచ్చిన మూటలో పెడల్ ఉంది కానీ రబ్బర్లు లేవు.

తలెత్తి చూసేసరికి బావ సీటెక్కి ఉన్నాడు. ఒక కాలు పెడల్ మీద, ఒక కాలు నేల మీద. అలాంటి ముఖాన్ని మెకానిక్ తన అక్క పెళ్లినాడు చూశాడు, మళ్లీ ఇప్పుడే చూస్తున్నాడు.

నెమ్మదిగా పొమ్మని చెబితే సరిపోతుందేమో అన్న ఊహ ఒకటి తలలో మెదిలింది. తొమ్మిది రోజులుగా ఇద్దరూ అతని చేతి పనిని పొగుడుతూనే ఉన్నారు. ఈ ఒక్క మాట నోట్లోనే ఉంచుకుంటే ఆ పేరు అలాగే ఉంటుంది. అంతలో బావ నేల మీది కాలు పైకి తీశాడు.

మెకానిక్ రెండంగల్లో వెళ్లి వెనక క్యారియర్ ఒడిసిపట్టాడు.

"దిగు బావా."

"ఏంట్రా, నువ్వు ముందు పోతావా?"

"ఎవరమూ పోం. బ్రేకులు పనిచేయవు. నేను చూడలేదు. తప్పు నాదే."

అతను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం వాళ్లిద్దరూ ఎన్నడూ వినలేదు. బావ బ్రేకు నొక్కి చూసుకున్నాడు, దిగుడు వైపు చూశాడు, మళ్లీ నొక్కాడు.

"రబ్బరు బదులు టైరు ముక్క కోసి పెట్టరా," అన్నాడు పోస్టుమాన్.

"ఒక మలుపుకి ఆగుతుంది. రెండో మలుపుకి ఊడుతుంది."

"మలుపులెన్ని?"

"నాకేం తెలుసు."

బావ సైకిల్ దిగి రోడ్డు పక్క రాతి మీద కూలబడ్డాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని మెకానిక్‌కి అనిపించింది. "నలభై ఏళ్లు తొక్కాను. ఇక్కడికి వచ్చి నడవాలా?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"నడు బావా. నేను నీ పక్కనే ఉంటా."

"నువ్వు పక్కనుంటే కబుర్లతో చంపుతావు కదరా," అన్నాడు పోస్టుమాన్. బావకి నవ్వు వచ్చింది, రాకూడదని చూసినా వచ్చింది.

నడిచారు. సైకిళ్లు ముందుకు లాగుతుంటే, కట్లు తెంపుకోబోతున్న ఎడ్లను ఆపినట్టు వెనక్కి పట్టుకుని నడిచారు. మొదటి మలుపు దగ్గర అంచురాళ్లు రెండు విరిగి ఉన్నాయి. వాటి అవతల గాలి తప్ప ఏమీ లేదు. ముగ్గురూ అక్కడ నిలబడ్డారు. పోస్టుమాన్ ఒక రాయి తీసి కిందకి వదిలాడు. అది తగిలిన చప్పుడు కోసం విన్నారు. వినబడలేదు. బావ మెకానిక్ భుజం మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయినట్టు చాలాదూరం అలాగే నడిచాడు.

సైకిల్ మీదైతే గంటలోపు పోయే దారి రోజంతా పట్టింది. రోజంతా ఆ కొండ వాళ్లకి తనను చూపిస్తూనే ఉంది. ఒక మబ్బు రోడ్డుకి అడ్డంగా వచ్చి వాళ్ల మీదుగా వెళ్లింది. అది పోయాక ఒక్కో పుల్ల మీదా సన్నటి నీటిపూసలు నిలిచాయి. ఒకచోట రాతిలోంచి బొట్టుబొట్టుగా ఊరుతున్న నీళ్లు కింది మలుపుకి కాలువయ్యాయి, ఆ కిందకి వెళ్లేసరికి అరిస్తే తప్ప మాట వినబడనంత హోరయ్యాయి. ఒక గద్ద వాళ్లకంటే దిగువన ఎగిరింది. గద్ద వీపుని చూడటం ముగ్గురికీ అదే మొదలు. "వీపు ఎర్రగా ఉంటుందన్నమాట," అన్నాడు బావ.

పొద్దు వాలుతుండగా కొండ పాదం చేరారు. అక్కడ మలుపులు అయిపోయాయి. రోడ్డు తిన్నగా, నెమ్మదిగా ఒక కిలోమీటరు దిగి, ఏటి మీది వంతెన దాటి, అవతలి గట్టు మీదికి అంతే నెమ్మదిగా ఎక్కుతోంది.

మెకానిక్ ఆగి ఆ వాలుని చూశాడు. చక్రం బెండు చూసేటప్పటిలా ఒక కన్ను మూసి చూశాడు. సామాను దించి పోస్టుమాన్‌కి అప్పగించి, ఏమీ చెప్పకుండా సీటెక్కి కాళ్లు వదిలేశాడు.

సైకిల్ పోయింది. గాలి చెవుల్లో దూరి హోరెత్తింది. వంతెన కింద నీళ్లు మెరిసి మాయమయ్యాయి. ఎదురు ఎక్కుడులో వేగం తగ్గి, తగ్గి, చక్రం ఇంకో చుట్టు తిరగాలా వద్దా అన్నట్టు ఆగిపోయింది. బ్రేకు మీద వేలు పెట్టలేదు. దిగి, ఆగిన చోట మడమతో అడ్డగీత గీసి, వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు.

అప్పుడే అతనికి కొండ మొత్తం కనబడింది. వాళ్లు దిగి వచ్చిన రోడ్డు ఆకాశం దాకా పోయి ఉంది, గోడ మీద పిల్లలు గీసిన గీతలా వంకరటింకరగా. పొద్దుట తను క్యారియర్ పట్టుకున్న చోటు ఆ గీత చివర ఎక్కడో ఉంది, కళ్లు చికిలించినా ఆనలేదు.

దూరంగా ఒక చుక్క కదిలింది. చుక్క మనిషైంది. బావ కాళ్లు రెండూ పక్కలకి చాపి, చొక్కా తెరచాపలా ఉబ్బి, నోరు తెరుచుకుని వస్తున్నాడు. కేక వేస్తున్నాడనుకున్నాడు మెకానిక్. దగ్గరికొచ్చాక తెలిసింది, నోటి నుంచి శబ్దమే లేదు. కళ్ల నీళ్లు చెవుల వైపుకి పోతున్నాయి.

సైకిల్ ఎక్కుడులో నెమ్మదించి, గీతకి జానెడు ఇవతల తనే ఆగింది. మెకానిక్ హ్యాండిల్ రెండు చేతులా పట్టుకున్నాడు. పట్టుకోవాల్సిన పని లేదు. అయినా వదల్లేదు.