ఖాళీ షెడ్డులో చేసిన పరీక్ష

అక్క పెంచే పుట్టగొడుగుల షెడ్డులో వేడి, తేమ కొలిచే పరికరాలు పెట్టే పని చెల్లెలి కంపెనీకి దక్కింది. అవి తమ కొలతలను ఆఫీసు గదికి ఏ దారిన పంపాలో తేల్చడం చెల్లెలి వంతు. ఆమె మూడు రకాలు తెచ్చి ఒక రోజంతా పరీక్షించింది. వైఫై బాగానే పలికింది గానీ నాలుగు రోజుల్లో బ్యాటరీని మింగేసేలా ఉంది. లోరా అనే దూరపు రేడియోకు బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది గానీ, అది పది నిమిషాలకోసారి మాత్రమే నోరు విప్పుతుంది. బ్లూటూత్ చకచకా కబురందించింది, ఒక్క బ్యాటరీతో ఏడాది నడుస్తుంది. రిపోర్టులో దానికే మొగ్గు చూపింది. ఇరవై పరికరాలు బిగించారు.

నెల తిరిగేసరికి పన్నెండు మూగబోయాయి. చెల్లెలు బ్యాటరీలు మార్చింది, పరికరాలు మార్చింది. ఫలితం లేదు.

అక్క పుట్టగొడుగులు మొలిచే గడ్డి సంచులకు నీళ్లు చల్లుతూనే అంది. "షెడ్డు నిండా పంటుంటే ఇక్కడ నా ఫోనే పలకదే. తలుపు దాకా పోయి మాట్లాడతా."

"ముందే చెప్పొచ్చుగా అక్కా?"

"నువ్వు అడిగితేగా. వచ్చావు, డబ్బాలు అటూ ఇటూ తిప్పావు, పోయావు."

చెల్లెలు చుట్టూ చూసింది. పరీక్ష చేసిన రోజు షెడ్డు ఖాళీ. ఇప్పుడు నేల నుంచి కప్పు దాకా తడి గడ్డి సంచులే. ఆ తడి సిగ్నల్‌ని తాగేస్తోంది. పప్పులో కాలేశానని అర్థమై ఆమె మొహం చిన్నబోయింది.

నిండు షెడ్డులో మూడింటినీ మళ్లీ పరీక్షించింది. చివరి మూల నుంచి కూడా పలికింది లోరా ఒక్కటే.

"పది నిమిషాలకోసారే చెబుతుంది. ఆలస్యమవుతుందేమో."

"షెడ్డు వేడెక్కడానికే గంట పడుతుంది. పది నిమిషాలకి కొంపేం మునగదులే."

కొత్త రిపోర్టులో చెల్లెలు మొదటి వాక్యంగా, తొలి పరీక్ష ఖాళీ షెడ్డులో చేశానని రాసింది. కంపెనీ మేనేజరుకు అది నచ్చలేదు.

"పరికరాల్లో లోపమని రాస్తే పోయేదిగా?"

"లోపం వాటిలో లేదు సార్. నాదే."

ఆయన ఆ వాక్యాన్ని చివరి పేజీకి జరిపాడు.

కొత్తవి బిగించే రోజున అక్క ఆమె చేతికి పైపు అందించింది. "ఊరికే నిలబడతావేం, ఆ చివరి వరుసకి నీళ్లు పట్టు."