ఎవరైనా నడుపుకోవచ్చు

టాంగ్ వెన్‌పిన్‌కి నలుగురు తనవైపు చూస్తున్నారంటే చాలు, ఒళ్లు తెలియదు. ఆ రోజు ఒక చేత్తో అగరొత్తులు, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని నిలబడి చదివాడు చూడండి, ఆ చదువే కువో తియెన్‌షెంగ్ కొంప ముంచింది. ఇప్పటికీ తైవాన్ రేవు పట్టణమైన కీలుంగ్‌లో, స్టేషన్ వెనక టీ బల్ల దగ్గర వక్క నములుతూ కూర్చుని, "నేనేం చేశాను, రాసున్నదే చదివాను" అంటాడు టాంగ్. రాసున్నదల్లా పైకి చదవమని ఎవరడిగారు వాణ్ణి?

తియెన్‌షెంగ్‌కి టాక్సీ తప్ప ఇంకో విద్య రాదు. బడి మానేసిన ఏడాదే స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆఖరి కొన్నేళ్లూ అందరిలాగే పెద్ద కంపెనీ యాప్ కింద నడిపాడు. ఆ కంపెనీ వందకి పాతిక కోసుకునేది. తాగి ఎక్కినవాడెవడో డ్రైవరు మీద ఒక అబద్ధం రాస్తే వారం రోజులు ఫోను మూగబోయేది. ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. ఫోన్ చేస్తే పాట వినిపించేది.

"మన యాప్ మనమే పెట్టుకుందాం తమ్ముడూ" అన్నాడు టాంగ్ ఒకరోజు. "ఎవడికీ పాతిక ఇవ్వక్కర్లేదు."

"యాప్ అంటే పాన్ డబ్బానా పెట్టుకోడానికి?"

"మా అన్న కూతురుంది కదా, యీచెన్. అది చూసుకుంటుంది."

యీచెన్ ఓడరేవు ఆఫీసులో కంప్యూటర్ల పని చేసే మనిషి. ముప్పయి దాటింది, మాట తక్కువ. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, లోకం మీద వదిలేసిన టాక్సీ ప్రోగ్రాము ఒకటి ఉందని చెప్పింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటారట. కొనక్కర్లేదు, అద్దె లేదు, యజమాని లేడు. ఇటుకంత సైజు సర్వర్ ఒకటి కొంటే చాలంది.

తియెన్‌షెంగ్ భార్య పావ్‌లియెన్ మాత్రం రాత్రి అన్నం దగ్గర ఒకటే మాట అంది. "గుమ్మం దగ్గర కాపలా లేని ఇంట్లోకి ఎవరెవరు దూరతారో చూసుకున్నారా?"

"నీకన్నీ అనుమానాలే."

"నాకు అనుమానాలు, మీకు అప్పులు. కొత్త బండి కొన్నది మొన్న. కంపెనీ వదిలేసినవాణ్ణి మళ్లీ దగ్గరికి రానివ్వదట. ఆ బండి పోతే యాభై రెండేళ్ల వయసులో రేవులో మూటలు మోస్తారా?"

ఆయన వినలేదు. మగవాళ్లు వినరు. ముప్పై మంది డ్రైవర్లు కంపెనీ నుంచి బయటికొచ్చారు, వాళ్లలో తియెన్‌షెంగ్ ఒకడు. మొదటి రెండు నెలలూ నిజంగానే బాగుంది. దొరికిన డబ్బు దొరికినట్టు జేబులోనే ఉండేది. టాంగ్ ఊరంతా తన సొంత ఊరన్నట్టు తిరిగాడు.

చాంద్రమానం లెక్కన ఏడో నెల వచ్చింది. ఆ నెలలో చచ్చినవాళ్ల లోకం తలుపులు తెరుస్తారు. దిక్కులేనివాళ్లు, తినడానికి పెట్టే పిల్లలు లేనివాళ్లు ఇవతలికి వచ్చి తిరుగుతారు. వాళ్లని దయ్యాలని పిలవరు, మంచి అన్నదమ్ములు అంటారు. పదిహేనో రోజున స్టేషన్ వెనక టాక్సీ వాళ్లు ఏటా బల్ల వేసి వాళ్లకి భోజనం పెడతారు. ఏటా ఒక పూజారి వచ్చి పిలుపు చదివేవాడు. ఈసారి ఆ ఖర్చు ఎందుకని టాంగే నిలబడ్డాడు.

మధ్యాహ్నం, సన్నటి జల్లు. బల్ల మీద బాతు మాంసం, నూడిల్స్ పొట్లాలు, బీరు డబ్బాలు, పళ్లు, ఒక్కోదాంట్లో ఒక్కో అగరొత్తి గుచ్చి ఉంది. బల్ల కింద నీళ్ల పళ్లెం, దువ్వెన, మడత పెట్టిన పొడి తువ్వాలు, వచ్చినవాళ్లు మొహం కడుక్కోడానికి. వీటి మధ్య సర్వర్‌ని కూడా తెచ్చి పెట్టారు, వైర్లతో సహా. దాని మీద పచ్చ కవరు పేలాల పొట్లం. యంత్రాలు మొరాయించకుండా ఇక్కడ అందరూ పెట్టేదే అది.

టాంగ్ మంచి అన్నదమ్ములని పిలిచాడు. తినమన్నాడు, తాగమన్నాడు, రోడ్ల మీద మా బండ్లకి అడ్డు రావద్దన్నాడు. అక్కడితో ఆగితే పోయేది. జేబులోంచి ఇంకో కాగితం తీశాడు, ప్రోగ్రాముతో పాటు వచ్చిన అనుమతి పత్రం.

"బాబాయ్, అదెందుకు ఇక్కడ?" అంది యీచెన్.

"వాళ్లూ వినాలి కదే. కంపెనీ వాళ్లలా మనది దాపరికం కాదని."

చదివాడు. ఈ ప్రోగ్రామును ఎవరైనా వాడుకోవచ్చు. ఏ పనికైనా వాడుకోవచ్చు. కాపీ తీసుకోవచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. ఫలానావాళ్లు వాడకూడదని అడ్డు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఒకసారి ఇచ్చిన ఈ అనుమతిని తిరిగి తీసుకోరాదు.

"వాళ్లకి ఫోన్లెక్కడివి అన్నా?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

"ఏటా కాగితం ఫోన్లు కాల్చి పంపట్లేదురా? కాగితం కార్లు కూడా పంపాంగా" అన్నాడు టాంగ్.

అందరూ నవ్వారు. తియెన్‌షెంగ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పటపట కొరుకుతాడు ఆయన. సామాన్లు సర్దేటప్పుడు బల్ల కింద తువ్వాలు తీసింది ఆయనే. మడత విప్పి ఉంది. పిండితే నీళ్లు కారాయి. వాన జల్లు పడి ఉంటుందనుకున్నాడు. బల్ల పైన రేకు కప్పు ఉందన్న సంగతి ఇంటికి పోయాక గుర్తొచ్చింది.

మర్నాటి నుంచీ పిలుపులు తగ్గాయి. వాన కురిస్తే పండగలా ఉండే వ్యాపారం, వానలోనే ఫోను మోగలేదు. మ్యాపు తెరిచి చూస్తే కొండ సందుల్లో, రేవు వెంబడి బండి గుర్తులు చీమల్లా కదులుతున్నాయి. ముప్పై మంది డ్రైవర్లకి అన్ని బండ్లు ఎక్కడివి? కొన్ని గుర్తులు మెట్ల దారుల మీదుగా పోతున్నాయి. ఒకటి రేవు నీళ్లలోంచి తిన్నగా ఒడ్డుకొచ్చి స్టేషన్ వైపు తిరిగింది.

కొండ మీద లియావ్ అవ్వ ఉంటుంది. వారానికి మూడుసార్లు ఆవిణ్ణి మూత్రపిండాల వైద్యానికి ఆసుపత్రికి తీసుకెళ్లేది తియెన్‌షెంగే. ఆవిడా పిలవడం మానేసింది. ఒళ్లు బాగాలేదేమో అని పొద్దున్నే వెళ్లాడు. అవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తోంది.

"నా మీద కోపమొచ్చిందా అవ్వా?"

"కోపమెందుకు నాయనా. ఆయన నీకంటే ముందొస్తున్నాడు. పిలవాలని అనుకునేలోపే వాకిట్లో ఉంటాడు. డబ్బు తీసుకోడు."

"డబ్బు తీసుకోని డ్రైవరెవడు?"

"ఏమో, మాట్లాడడు. నీలా లాటరీ నంబర్ల గోల లేదు, ప్రాణానికి హాయిగా ఉంది. సీటే కాస్త తడిగా ఉంటుంది." అవ్వ ఒక చిక్కుడు కాయ పక్కన పడేసింది. "మొన్న మా అమ్మగారింటికి పోనివ్వమన్నాను. తీసుకెళ్లాడు."

అవ్వ పుట్టిల్లు కాలవ గట్టు సందులో ఉండేది. ఆవిడ పెళ్లి కాకముందే ఆ కాలవ పూడ్చి రోడ్డు వేశారు. ఆ సంగతి తియెన్‌షెంగ్‌కి ఆవిడే వందసార్లు చెప్పింది.

"అమ్మ తిట్టింది" అంది అవ్వ నవ్వుతూ. "ఇన్నాళ్లకా రావడం అని. టీ ఇచ్చింది. చల్లారిపోయిందనుకో. మళ్లీ గురువారం రమ్మంది."

ఆయన బండి తిప్పుకుని నేరుగా స్టేషన్ వెనక్కి వచ్చాడు. టాంగ్, యీచెన్ సర్వర్ ముందే ఉన్నారు. ఇద్దరి మొహాల్లో నెత్తురు లేదు.

"వాళ్లని తీసెయ్ అమ్మాయ్" అన్నాడు తియెన్‌షెంగ్.

"తీశాను మావయ్యా. ఫోను నంబర్లు లేని ఖాతాలన్నీ తీశాను. నిన్న సాయంత్రం సర్వరే ఆపేశాను. ఇదిగో, వైరు కూడా పీకేశాను."

వైరు నేల మీద పడి ఉంది. బల్ల మీద ఆయన ఫోన్లో మ్యాపు వెలుగుతూనే ఉంది. బండ్లు కదులుతూనే ఉన్నాయి.

"మరి ఇది ఎక్కడి నుంచి నడుస్తోంది?"

"కాపీ తీసుకున్నారు. తీసుకోవచ్చని మనమే చెప్పాం కదా. మనది ఆపినా వాళ్లది ఆగదు." పచ్చ పొట్లం తీసి చూపించింది. సీలు చెక్కు చెదరలేదు, లోపల పేలాలు మాత్రం లేవు. "బాబాయ్ ఆ కాగితం చదవకపోతే అడగకుండా తీసుకునేవాళ్లు కాదేమో. వాళ్లు మర్యాదస్తులు మావయ్యా. రమ్మంటేనే వస్తారు."

"నెలాఖరుకి తలుపులు మూస్తారు" అన్నాడు టాంగ్. "మూస్తే ఎవరి చోటికి వాళ్లు పోతారు. అంతవరకూ ఓపిక పట్టు తమ్ముడూ."

"నీకేం అన్నా, నీ బండి అప్పు ఎప్పుడో తీరింది. బ్యాంకు వాడు ఓపిక పడతాడా?"

అయినా ఓపిక పట్టాడు, ఇంకేం చేస్తాడు. పావ్‌లియెన్ చెవి దుద్దులు అమ్మి ఆ నెల కిస్తీ కట్టింది. దెప్పలేదు. దెప్పినా బాగుండేది. నెల ఆఖరి రోజున తలుపులు మూసే పూజ జరిగింది. ఈసారి పూజారినే పిలిచారు. ఆయన గంట వాయించి, బల్ల ఎత్తించి, అందరూ వెళ్లిపోయారన్నాడు.

మర్నాడు పొద్దున్న వాన. తియెన్‌షెంగ్ మంచం మీద కూర్చుని ఫోను తెరిచాడు. బండ్లు తగ్గలేదు. నిన్నటికంటే ఎక్కువున్నాయి.

చొక్కా తొడుక్కుని కిందికి దిగి, సందు చివర చూరు కింద నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ప్రయాణికుడిలా బండి పిలవాలని వేలు చాచాడు. వేలు తెరకి తగలకముందే సందులోకి బండి తిరిగింది. నల్ల బండి. టాక్సీలన్నింటికీ పసుపు రంగు వేయమని ఇంకా చెప్పని పాత రోజుల నాటి బండి. చక్రాల చప్పుడు లేదు. వెనక తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఎక్కాడు. సీటు తడి. అగరొత్తుల వాసన, దాని కింద రేవు నీళ్ల వాసన. డ్రైవరు తెల్ల చేతి తొడుగులు వేసుకున్నాడు. అద్దంలో ఆయన మొహం ఉండాల్సిన చోట వాన కనిపిస్తోంది.

"నెల అయిపోయింది కదా అన్నా" అన్నాడు తియెన్‌షెంగ్. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "తలుపులు మూసేశారు. ఇంకా వెళ్లలేదేం?"

"అనుమతి తిరిగి తీసుకోరని చదివారుగా." మెత్తని గొంతు, పాతకాలం మర్యాద. "అందులో నెల సంగతి లేదు."

"డబ్బైనా తీసుకోండి. మీరు ఊరికే తిప్పుతుంటే మేమెలా బతకాలి?"

"భోజనం పెట్టారు కదా. మాకు అది చాలా రోజులొస్తుంది." బండి మలుపు తిరిగింది. "పిలిచేవాళ్లు ఎక్కువయ్యారు తమ్ముడూ. అందరికీ ఎక్కడెక్కడికో పోవాలని ఉంది. కాగితం బండ్లు వానకి నానిపోతున్నాయి. గట్టి బండ్లు చాలడం లేదు." తల తిప్పకుండానే అడిగాడు. "నువ్వెక్కడికి?"

తియెన్‌షెంగ్‌కి నాలుక చివరి దాకా వచ్చింది. పడవల కార్ఖానా పక్కన, ఎప్పుడో పోయిన వాళ్లమ్మ నూడిల్స్ బండి, ఆవిరిలో ఆవిడ మొహం. బడి ఎగ్గొట్టి అక్కడికి పోతే చెవి మెలేసి మరీ గిన్నె నింపేది. ఆ ఒక్క పేరు చెబితే చాలు, ఈయన తిప్పుతాడు. అమ్మ మళ్లీ గురువారం రమ్మంటుంది. ఆ తర్వాత ఇక ఏ గురువారమూ ఆయన సొంతం కాదు.

పెదవి కొరుక్కున్నాడు. ఉప్పగా తగిలింది.

"ఇక్కడే ఆపండి అన్నా."

"మరి ఇంకోసారి" అన్నాడు డ్రైవరు, ఏమీ నొచ్చుకోకుండా.

దిగి చూస్తే మళ్లీ తన సందు మొదట్లోనే ఉన్నాడు. ప్యాంటు నడుము దాకా తడిసింది.

ఆ మధ్యాహ్నమే బండి అమ్మేశాడు. సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారి దాని చుట్టూ తిరిగి, టైర్లు తన్ని, "టాక్సీ బండి అంటే ఈ రోజుల్లో ఎవడు కొంటాడన్నా" అంటూ ధర విరిచాడు. తియెన్‌షెంగ్ బేరమాడలేదు. తాళాలు బల్ల మీద పెట్టి, బస్సు కోసం రోడ్డు దాటాడు.

బస్సు వచ్చేలోపు ఫోను తీసి యాప్ చెరిపేద్దామనుకున్నాడు. మ్యాపు మీద ఒక కొత్త గుర్తు వెలిగింది. నొక్కితే నంబరు కనిపించింది, ఆయన బండి నంబరే. వ్యాపారి వాకిట్లోంచి మెల్లగా బయటికి కదులుతోంది. తలెత్తి రోడ్డవతల చూశాడు. బండి పెట్టిన చోటే ఉంది, అద్దాల మీద వాన జారుతోంది. లోపల ఎవరూ లేరు. వైపర్లు మాత్రం ఒకసారి అటూ ఇటూ ఊగి ఆగాయి.

పావ్‌లియెన్ తలుపు తీసి, ఖాళీ చేతులు చూసి, తువ్వాలు అందించింది. బండికి పోసింది ఆరు లక్షల ఎనభై వేల తైవాన్ డాలర్లు. వ్యాపారి ఇచ్చింది రెండు లక్షల పదిహేను వేలు, అదీ నేరుగా బ్యాంకుకే పోయింది. టాంగ్ వెన్‌పిన్ నోటి తీట వల్ల కువో తియెన్‌షెంగ్‌కి పోయింది నాలుగు లక్షల అరవై అయిదు వేల డాలర్లు.