మూడు వారాల మాట

నాకు నోటి దురుసు ఎక్కువ. పాతికేళ్ళుగా రోడ్డు ప్రమాదాల కేసులు తప్ప ఇంకో కేసు ముట్టని లాయర్ని. ఇన్సూరెన్సు కంపెనీల వాళ్ళ మీద అరిచీ అరిచీ గొంతు ఇలా బొంగురుపోయింది. చేతికర్రల మీద వచ్చేవాళ్ళు, మొగుణ్ణి పోగొట్టుకుని పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవాళ్ళు, వీళ్ళే నా పార్టీలు. వాళ్ళ కోసం పోట్లాడతాను, వాళ్ళకి మంచే చేస్తున్నానని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఎలా చచ్చిందో చెప్తాను.

మా వీధి చివర సెలూన్ ఉంది. రెండు కుర్చీలు, ఓ మూల పగిలిన అద్దం, కస్టమర్లు కూర్చోడానికి ఓ బెంచీ. దాని బార్బరు పదిహేనేళ్ళుగా నా జుట్టు కత్తిరించేవాడు. "ఇంకెంత కాలం లెండి లాయరు గారూ, ఓ రెండేళ్ళు పోతే తడిగుడ్డతో తుడిచి పంపించేస్తాను" అని నా బట్టతల మీద జోకులేసేవాడు. "ఉన్నదాన్ని సరిగ్గా కొయ్యవయ్యా ముందు" అనేవాణ్ణి. కబుర్లు చెప్పేటప్పుడు కూడా కత్తెర ఆపేవాడు కాదు. జుట్టుకి తగలకుండా గాల్లోనే టకటకలాడిస్తూ ఉండేవాడు.

ఓ మధ్యాహ్నం ఆయన భోజనానికి సైకిల్ మీద ఇంటికెళ్తుంటే మలుపులో ఒక కంపెనీ వ్యాను గుద్దేసింది. కుడి మణికట్టు, నాలుగు వేళ్ళు నుజ్జయ్యాయి. రెండు ఆపరేషన్లు చేశారు. ఎముకలు అతుక్కున్నాయి గానీ వేళ్ళు వంగట్లేదు. రోజూ రెండు పూటలా గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి వేళ్ళు వంచాలనీ, రబ్బరు బంతి పిసకాలనీ, ప్రాణం పోతున్నట్టున్నా మానకూడదనీ, అలా చేస్తే ఏడాదిలో కత్తెర పట్టొచ్చనీ డాక్టరు చెప్పాడు. బార్బరు వాళ్ళావిడ ఆ పని నెత్తిన పెట్టుకుంది. ఈయన కేకలు పెడుతుంటే, "అరవండి, అరిస్తే పర్లేదు, బంతి మాత్రం వదలకండి" అని పక్కనే కూర్చునేదట.

కేసు నేనే తీసుకున్నాను. మూడో నెలలో ఒకరోజు ఆయనొక్కడే ఆఫీసుకొచ్చాడు. నా టేబుల్ మీది పెన్సిల్ తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు. చెయ్యి వణికింది గానీ పెన్సిల్ పడలేదు.

"చూశారా సార్!" అన్నాడు. మొహం వెలిగిపోతోంది.

ఏ మనిషైనా అక్కడ సంతోషిస్తాడు. నా కళ్ళు మాత్రం గోడ మీది క్యాలెండరు మీదికి పోయాయి. ఇంకో మూడు వారాల్లో ఆయన మెడికల్ బోర్డు ముందుకెళ్ళాలి. చెయ్యి ఎంత పోయిందో వాళ్ళు శాతం లెక్కన రాసిస్తారు. మా కేసుల్లో ఆ కాగితమే సర్వస్వం, దాన్ని బట్టే పరిహారం. ఇన్సూరెన్సు కంపెనీ డాక్టరు కూడా పక్కనే ఉంటాడు.

"ఏవయ్యా, నీకేమైనా మతి పోయిందా? పెన్సిల్ పట్టుకున్నావంటే రేపో మాపో కత్తెర పట్టుకుంటావని రాసి పారేస్తారు. తీరా పట్టలేకపోతే నీ గోడు ఎవడు వింటాడు? బోర్డు అయ్యేదాకా ఆ బంతీ గింతీ పక్కన పెట్టు. మూడు వారాలే కదా!"

"డాక్టరు గారు మానొద్దన్నారు సార్."

"కేసు ఆయన వాదిస్తాడా, నేను వాదిస్తానా? ఈ మాట మనిద్దరి మధ్యే ఉండాలి. మీ ఆవిడకి అస్సలు చెప్పకు, ఆవిడ తిన్నగా డాక్టరు దగ్గరికి పరిగెడుతుంది."

ఆయన పెన్సిల్ జాగ్రత్తగా టేబుల్ మీద పెట్టి, "అలాగే సార్" అన్నాడు.

బోర్డు పెద్ద డాక్టరు సెలవు పెట్టాడు. వాయిదా పడింది. తర్వాత కంపెనీ లాయరు పాత ఎక్స్‌రేలు కావాలన్నాడు. ఇంకో వాయిదా. ఆ తర్వాత ఫైలు ఏ గదిలోకి పోయిందో తెలియలేదు. ఆ ఫైలు కోసం నేను కాళ్ళరిగేలా తిరిగాను, గుమాస్తాల మీద నోరు పారేసుకున్నాను, అవన్నీ నాకు బాగా గుర్తున్నాయి. నేను ఆయనకి చెప్పిన మాట మాత్రం శుభ్రంగా మర్చిపోయాను.

అలా పదకొండు నెలలు గడిచాయి. నెలనెలా సెలూన్‌కి వెళ్తూనే ఉన్నాను. నా జుట్టు ఆయన బావమరిది కత్తిరించేవాడు. ఆయన బెంచీ మీద కూర్చుని, కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద తువ్వాలు కప్పుకునేవాడు. ఒకసారి "చెయ్యెలా ఉందయ్యా?" అని అడిగాను.

"మీరు చెప్పినట్టే సార్" అన్నాడు.

"శభాష్" అన్నాను, పేపరు లోంచి తలెత్తకుండా.

చివరికి బోర్డు కూర్చుంది. నేనూ వెళ్ళాను. బోర్డు డాక్టరు ఆ వేళ్ళు వంచబోతే చెక్కముక్కల్లా ఉండిపోయాయి. రెండు మూడు సార్లు చూసి, "కీళ్ళన్నీ బిగుసుకుపోయాయి. వ్యాయామం చెయ్యలేదా? ఏం చేస్తున్నావయ్యా ఇన్నాళ్ళూ?" అన్నాడు.

ఆయన నా వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

"బద్ధకం సార్" అన్నాడు డాక్టరుతో.

డాక్టరు విసుక్కుంటూ అదే రాశాడు. బయట వరండాలో ఆయన భుజం పట్టుకుని నిలబెట్టాను. "మూడు వారాలే అన్నాను కదయ్యా! వాయిదా పడగానే మళ్ళీ మొదలెట్టాలని తెలీదా?"

"బోర్డు అయ్యేదాకా అన్నారు కదా సార్. మళ్ళీ మొదలెట్టమని మీరు చెప్తారని చూశాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నేను లోపలికి పరిగెత్తి, ఇప్పటి నుంచి చేయిస్తే ఏమైనా తేడా ఉంటుందా అని డాక్టర్ని అడిగాను. ఆలస్యమైపోయిందన్నాడు.

కోర్టులో కంపెనీ లాయరు ఆ కాగితాన్నే పట్టుకున్నాడు. "డాక్టరు చెప్పిన వ్యాయామం ఎందుకు చెయ్యలేదు?" అని బోనులో ఉన్న ఆయన్ని నిలదీశాడు.

నేను లేచి "నేనే మానమన్నాను" అంటే సరిపోయేది. ఆయన మీద పడ్డ మచ్చ పోయేది, నా లైసెన్సూ పోయేది. నన్ను నమ్ముకున్న మిగతా వాళ్ళ గతేమిటని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అదంతా బూటకం. భయమేసింది, అంతే. తలొంచుకుని, సర్దిన కాగితాలే మళ్ళీ సర్దుకుంటూ కూర్చున్నాను.

"బద్ధకం సార్" అన్నాడాయన, ఈసారి నా వైపు చూడకుండా.

చెయ్యి పోవడంలో సగం తప్పు ఆయనదేనని జడ్జి తేల్చి, పరిహారం సగానికి కోసేశాడు.

వారం తర్వాత మొగుడూ పెళ్ళాం నా ఆఫీసుకొచ్చారు. ఆవిడ నాకు చేతులెత్తి దండం పెట్టింది.

"మీరు లేకపోతే ఆ సగం కూడా వచ్చేది కాదు అన్నయ్య గారూ. మీ రుణం తీర్చుకోలేం."

"అంత మాటెందుకమ్మా, కూర్చో" అన్నాను.

ఆవిడ కూర్చోలేదు. మొగుడి వైపు తిరిగింది. "అంతా ఈయన వల్లే వచ్చింది. నీళ్ళు కాచి పెడితే చల్లారిపోయేవి. బంతి చేతికిస్తే మంచం కిందకి తోసేసేవారు. బతిమాలాను, తిట్టాను, అన్నం తినకుండా పడుకున్నాను. ఉలుకూ పలుకూ లేదు. నా మాటంటే ఎలాగూ లెక్కలేదు. మీరంటే ఈయనకి గురి. మీరైనా నాలుగు చివాట్లు పెట్టండి అన్నయ్య గారూ, నా కడుపుమంట చల్లారుతుంది."

ఆయన గోడ దగ్గర నిలబడి, ఎడం చేత్తో కుడి చేతి మీద తువ్వాలు సరిచేసుకుంటున్నాడు. ఒక్కసారి తలెత్తి నన్ను చూశాడు. ఏం చెప్పినా సరేనన్నట్టు ఉంది ఆ చూపు.

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను.

"ఎందుకయ్యా అలా చేశావు? డాక్టరు చెప్పింది వినాలా వద్దా? మీ ఆవిడ అంత మొత్తుకుంటుంటే చెవికెక్కలేదా నీకు?" అన్నాను.

"తప్పే సార్" అన్నాడు.