క్రిస్మస్ నాటి మధ్యబల్ల

నేను ఒక చెక్కముక్కను. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. ఒంటి మీద తెల్లరంగుతో ‘రిజర్వుడు’ అని రాసి ఉంటుంది. హోటల్లో ఖాళీ బల్ల మీద నన్ను నిలబెడితే చాలు, ఎంత ఆకలితో వచ్చినవాడైనా నన్ను చూసి ఆగిపోవాలి. ఆగి ఊరుకోరు, తిడతారు. ‘ఎవడో మహారాజు వస్తాడంట, మనం నిలబడాలంట’ అని నా మొహం మీదే అంటారు. ముప్పై ఏళ్లలో నేను తిన్నన్ని తిట్లు, ఈ హోటల్లో ఎవరూ బిర్యానీలు కూడా తిని ఉండరు.

పుట్టింది ఈ చీరాలలోనే. బ్రహ్మయ్య అనే వడ్రంగి ఒక మెస్సుకి బల్లలు చేసి, మిగిలిన టేకుముక్కను పారెయ్యడానికి మనసొప్పక నన్ను చిత్రిక పట్టాడు. అప్పుడు నా మీద ‘భోజనం తయారు’ అని రాశారు. ఆ రోజులే నయం, నన్ను చూసి జనం నవ్వుతూ లోపలికొచ్చేవాళ్లు. మెస్సు మూతపడ్డాక సామానుతో పాటు నన్ను స్టేషన్ రోడ్డులో పూర్ణయ్యగారు కొన్నాడు. ఆయన మేడ మీద ఫ్యామిలీ రెస్టారెంటు పెట్టి, నన్ను తిరగేసి, వెనకవైపు ఈ కొత్త రాత రాయించాడు. అంతటితో పిలిచే ఉద్యోగం పోయి, ఆపే ఉద్యోగం వచ్చింది.

అన్ని రోజుల్లోకీ మాకు గడ్డురోజు క్రిస్మస్. మెట్ల దగ్గర కాగితం నక్షత్రం, కౌంటరు మీద దూది అంటించిన చిన్న చెట్టు పెడతారు. పన్నెండింటికి గుళ్లలో ఆరాధనలు అయిపోగానే ఊరంతా కొత్తబట్టల్లో మెట్లెక్కేస్తుంది. తింటున్నవాళ్ల కుర్చీల వెనకే నిలబడి, ఎప్పుడు చెయ్యి కడుగుతారా అని వాళ్ల పళ్లేల్లోకి చూస్తుంటారు. గంట క్రితం ‘నీ పొరుగువానిని ప్రేమించుము’ అని విని వచ్చినవాళ్లే కుర్చీ కోసం పొరుగువాణ్ని మోచేత్తో నెడతారు. నాకు నవ్వొస్తుంది.

ఒక ఏడు క్రిస్మస్‌కి వారం ముందు రాహేలమ్మగారు వచ్చింది. బాలికల హాస్టల్లో మేట్రన్‌గా చేసి రిటైరైన మనిషి, డెబ్బై దాటాయి. రెండు మెట్లకోసారి ఆగి, గోడ పట్టుకుని పైకొచ్చి, కుర్చీలో కూలబడి ఆయాసపడింది. మా పాత సర్వరు మస్తాన్ మంచినీళ్లిచ్చాడు.

“ఫోన్ చేస్తే సరిపోయేది గదమ్మా. ఈ మెట్లెందుకెక్కారు?” అన్నాడు.

“డాక్టరూ అదే అన్నాడయ్యా, గుండె బాలేదు, మెట్లెక్కొద్దని. కానీ బల్ల నేనే చూసుకోవాల. తొమ్మిదిమందిమి వస్తాం. మూలన వద్దు, కిటికీ పక్కన వద్దు. నడిమధ్యలో వెయ్యి.”

“మధ్యలో గోల గదమ్మా.”

“గోలే కావాల నాయనా. నలుగురూ చూస్తావుంటే నా కొడుకులు గొంతు లేపరు.”

ఆ తర్వాత కథంతా చెప్పుకుంది. ఆమెకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు కృపాకర్, తండ్రి నాటి పాత చర్చి సంఘంలో పెద్ద. చిన్నవాడు సుందర్‌పాల్ కాలవలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకుని కొత్త సంఘంలో చేరాడు. మూడేళ్ల క్రితం తండ్రి సమాధి దగ్గర చివరి ప్రార్థన ఎవరి పాస్టరు చెయ్యాలన్న దగ్గర చెడింది. అన్నకి తమ్ముడు దారి తప్పినవాడు, తమ్ముడికి అన్న ఇంకా రక్షణ పొందనివాడు. ఇద్దరికీ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అప్పట్నుంచీ ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మూడు క్రిస్మస్‌లూ ఆ తల్లి పగలు ఒక ఇంట్లో, సాయంత్రం ఒక ఇంట్లో తిని, రెండుచోట్లా ఒకరి మీద ఒకరు చెప్పే చాడీలు విని వచ్చింది. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

“ఎవురింటికీ ఎవురూ రారు గాబట్టి హోటలన్నా. పోయేలోగా ఇద్దురూ ఒక్క బల్ల మీద తింటే కళ్లారా చూడాల మస్తానూ. ఇంకేం అక్కర్లా నాకు,” అంది. వెళ్లేముందు నన్ను చేతిలోకి తీసుకుని, కొంగుతో దుమ్ము తుడిచి, మధ్యబల్ల మీద పెట్టి చూసుకుంది. ఇన్నేళ్లలో నన్ను తిట్టకుండా ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

పండగనాడు పన్నెండుకే మస్తాన్ నన్ను మధ్యబల్ల మీద నిలబెట్టాడు. నిలబడ్డవాళ్లంతా నన్ను కొరుక్కుతినేట్టు చూశారు. పన్నెండున్నరకి కృపాకర్ కుటుంబం తల్లిని నడిపించుకుంటూ వచ్చింది. పది నిమిషాలకి సుందర్‌పాల్ భార్యాపిల్లలతో వచ్చాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తల్లి ఇద్దర్నీ తన కుడివైపొకణ్ని, ఎడమవైపొకణ్ని కూచోబెట్టుకుంది. కోడళ్లు పిల్లల గౌన్లు మెచ్చుకుంటూ ఎలాగో మాట కలిపారు. ఆమె మొహం చూస్తే నాకే కడుపు నిండినట్టనిపించింది.

బల్ల చెప్పుకున్నవాళ్లు వచ్చి కూచున్నాక నన్ను తీసెయ్యడం మస్తాన్ పని. ఆరోజు రద్దీలో తియ్యకుండా, రాహేలమ్మగారి ఎదురుగా ఉన్న నీళ్లజగ్గు పక్కకి నెట్టేసి పోయాడు. అందుకే జరిగిందంతా చూశాను.

మటన్ బిర్యానీ వచ్చింది, కోడి వేపుడు వచ్చింది. ఇక వాళ్ల ఆచారం, తినేముందు ప్రార్థన. అందరూ కళ్లు మూసుకుంటారు, ఒకరు ప్రార్థిస్తారు, చివర ‘ఆమెన్’ అన్నాకే కళ్లు తెరిచి అన్నం ముట్టుకుంటారు. ఈ గండం రాహేలమ్మగారికి తెలుసు. తనే చేస్తానని చెప్పడానికి నోరు తెరిచింది. అప్పటికే కృపాకర్ తలవంచి, “పరలోకమందున్న మా తండ్రీ” అని మొదలుపెట్టేశాడు. ఇంటికి పెద్దవాడు, అతని హక్కు. అదే క్షణాన ఇటుపక్క సుందర్‌పాల్ రెండు చేతులూ ఎత్తి, “స్తోత్రం ప్రభువా, స్తోత్రం” అన్నాడు. ఏ ప్రార్థన మొదలైతేనేం, మిగిలినవాళ్లంతా కళ్లు మూసుకున్నారు.

ఇద్దరిలో ఒకరు ఆగుతారనుకున్నాను. ఆగితే ఓడినట్టు. “విరోధములు పుట్టించువారిని క్షమించుము” అని అన్న. “గర్వించిన హృదయాల్ని విరగ్గొట్టు ప్రభువా” అని తమ్ముడు. దేవుడి పేరు పెట్టుకుని ఒకర్నొకరు పొడుచుకుంటున్నారు. ఒకరు గొంతు పెంచితే రెండోవారు అంతకు మించి పెంచారు. పక్కబల్లల వాళ్లు ముద్ద నోట్లో పెట్టుకోవడం మానేసి చూస్తున్నారు. ఆమెన్ ఎవరూ అనడం లేదు.

అప్పుడు రాహేలమ్మగారు కళ్లు తెరిచింది. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం ఆమె జీవితంలో అదే మొదలేమో, తప్పు చేసినట్టు చుట్టూ చూసింది. ఎడమవైపు చూసింది, కుడివైపు చూసింది. బిర్యానీ మీద పొగలు ఆరిపోయాయి. వందలమంది ఆడపిల్లలకి వడ్డించిన చెయ్యి ఊరుకోలేదు. గరిటె తీసుకుని, సగం లేచి, పెద్దకొడుకు పళ్లెంలో అన్నం పెట్టింది. గిన్నెలో వెతికి ఒక మూలిగబొక్క తీసి చిన్నకొడుకు పళ్లెంలో వేసి, దానిమీద అన్నం పెట్టింది. కూర్చుంది. గరిటె వదల్లేదు. రెండో చెయ్యి గుండె మీదికి పోయింది. నోరు తెరిచింది గానీ ఆ రెండు గొంతుల మధ్య ఆమె మాట నాక్కూడా వినబడలేదు. తల నెమ్మదిగా ముందుకు వాలి, నుదురు నా అంచుకి ఆనింది.

బల్ల చుట్టూ ఎనిమిదిమంది ఉన్నారు. పదహారు కళ్లూ మూసే ఉన్నాయి.

నేను అరవలేను. నా మొహాన ఉన్నది ఒక్క మాట, అదీ ఎవరో రాసింది. అంత చేతకానితనం నేనెప్పుడూ ఎరగను.

మస్తాన్ రెండు బల్లలు తుడిచి, పెరుగుచట్నీ గిన్నె పట్టుకుని వచ్చేదాకా అలాగే ఉంది ఆమె. “సార్, అమ్మగార్ని చూడండి సార్!” అన్నాడు మస్తాన్. కృపాకర్ కళ్లు తెరవకుండానే అరచెయ్యి పైకెత్తి ఆగమన్నాడు, ప్రార్థన జరుగుతోంది గదా! మస్తాన్ చేతిలో గిన్నె కిందపడి భళ్లుమంది. అప్పుడు తెరిచారు కళ్లు.

కుర్చీతో సహా అన్నదమ్ములిద్దరూ చెరోపక్క పట్టుకుని మెట్లు దించారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయిందని సాయంత్రం కబురొచ్చింది. పూర్ణయ్యగారు, “ఆ చెక్క మళ్లీ బల్లల మీద కనపడకూడదు” అని నన్ను కౌంటరు సొరుగులోకి విసిరేశాడు. పాత మెనూకార్డులు, వంకరపోయిన స్పూన్ల మధ్య అప్పట్నుంచీ అక్కడే ఉన్నాను. ఇప్పుడు బల్లల మీద ప్లాస్టిక్‌వి పెడుతున్నారట.

జనవరిలో ఒకరోజు కృపాకర్ ఒక్కడే వచ్చాడు. సొరుగు కాస్త తెరిచి ఉండి నాకు మాటలు వినబడ్డాయి. ఏమీ తినలేదు. మస్తాన్ని పక్కకి పిలిచాడు.

“ముందు చూసింది నువ్వే గదా. అమ్మ ఎటు ఒరిగి ఉంది? నా వైపేనా?”

 “మీ వైపే సార్,” అన్నాడు మస్తాన్. కృపాకర్ ముక్కు ఎగబీల్చడం వినిపించింది. మెట్లు దిగిపోయాడు.

పదిరోజులకి సుందర్‌పాల్ వచ్చాడు. “అన్నయ్య ఊరంతా చెప్పుకుంటన్నాడు, తన ప్రార్థనలోనే అమ్మ పోయిందని. నిజం చెప్పు మస్తానూ, అమ్మ ఎటు వాలింది?”

“మీ వైపే అయ్యా,” అన్నాడు మస్తాన్. అతను పోయాక కౌంటరు దగ్గర పూర్ణయ్యగారితో, “నేనేం చెప్పను సార్? వాళ్లకి కావాల్సిందే చెప్పా,” అన్నాడు.

పళ్లేల్లో అన్నం ఎవరు పెట్టారని మాత్రం ఇద్దరూ అడగలేదు. నాకు తెలుసు, ఆమె ఏ వైపూ వాలలేదు. ఆరోజు ఆమె కుర్చీ మెట్లు దిగిన తర్వాత మధ్యబల్ల శుభ్రం చేసింది మస్తానే. కుర్చీల వెనక నిలబడ్డవాళ్లు తొందర పెడుతుంటే, ఎంగిలిపడని రెండు పళ్లేలనీ ఒక నిమిషం పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత పెద్దవాడిదీ చిన్నవాడిదీ, ఆ తల్లి వడ్డించిన అన్నమంతా ఒకే బకెట్లోకి వంచేశాడు.